టీవీ ఎన్నింటికి కట్టేశారు? ఒక వ్యూయింగ్ డైరీ కేసు

నేను కౌన్సెలింగ్ చేస్తాను, ఎక్కువగా అలవాట్లకి సంబంధించినవే వస్తాయి నా దగ్గరికి, నిద్ర, ఫోను, టీవీ ఇలాంటివి. టీవీ డైరీ, అంటే టీవీ ఎప్పుడు పెట్టారో ఏం చూశారో ఎవరిది వాళ్లు రాసుకోవడం, అది రాయించడం చాలా ఏళ్లుగా చేస్తున్నా కానీ అందులో అసలు ఏం చూడాలో నాకు బాగా అర్థమైంది మాత్రం ఈ ఒక్క కేసులోనే, అందుకే మొత్తం రాస్తున్నా. ఆయన పర్మిషన్ తీసుకున్నా, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చేశా.

ఆయనకి 48 ఏళ్లు, అకౌంట్స్ పని. వచ్చింది టీవీ గురించి కాదు, నిద్ర గురించి. "పడుకున్నాక గంటైనా నిద్ర పట్టట్లేదు మేడమ్, పొద్దున లేస్తే తల దిమ్ముగా ఉంటోంది" అన్నారు. రాత్రి పడుకునే ముందు ఏం చేస్తారు అని అడిగా, టీవీ అన్నారు, ఎంతసేపు అంటే "గంట, మహా అయితే గంటన్నర, న్యూస్ చూస్తానంతే". వాళ్లావిడ కూడా వచ్చారు ఆ రోజు, ఆవిడ మెల్లిగా "పన్నెండు దాకా హాల్లో వెలుగు కనిపిస్తూనే ఉంటుందండి" అన్నారు. ఆయనకి కోపం రాలేదు, నిజంగా ఆశ్చర్యపోయారు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన దృష్టిలో టీవీ చూడటం అంటే తను చూద్దామని కూర్చున్నది చూడటం. న్యూస్ చూద్దామని కూర్చున్నారు, న్యూస్ చూశారు, అది గుర్తుంది, ఆ తర్వాత నడిచిందంతా ఆయన లెక్కలోకే రాదు ఎందుకంటే అది ఆయన అనుకుని చేసింది కాదు. ఎంతసేపు చూస్తారు అని మనం ఎవర్ని అడిగినా వచ్చే జవాబు ఇలాగే ఉంటుంది, నేను నా సొంత డైరీ మొదటిసారి రాసినప్పుడు నాకూ ఇదే జరిగింది. అందుకే నోటి లెక్క నేను తీసుకోను, రాయమంటా.

రాయడం అనేది కొత్తదేం కాదు. అమెరికాలో ఏ ప్రోగ్రాం ఎంతమంది చూస్తున్నారో లెక్కలు తీసే నీల్సన్ కంపెనీ వాళ్లు 1950ల నుంచి ఇళ్లకి పేపర్ డైరీలు పంపేవాళ్లు, రోజుని పావుగంటల గళ్లుగా విడగొట్టి ఏ గడిలో ఏ ఛానెల్ పెట్టారో వారం పాటు ఇంట్లోవాళ్లే రాసి తిరిగి పోస్ట్ చేయాలి, 2018లో గానీ ఆ పేపర్ డైరీలు ఆపలేదు. అయితే అది ఛానెళ్ల కోసం, యాడ్స్ రేట్ల కోసం, చూసే మనిషి కోసం కాదు. మనిషి కోసం అన్నట్టుగా నాకు నచ్చింది బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చేసింది. 1988 నవంబర్ 1న ఆ ఒక్క రోజు టీవీ గురించి డైరీ రాయమని జనాన్ని అడిగితే 20,000 మందికి పైగా రాసి పంపారు, తర్వాత వాళ్లలోంచి 500 మంది దాకా 1991 నుంచి 1996 వరకు రాస్తూనే ఉన్నారు. వాటిలో ఏం చూశారు అనేదానికంటే ఇంట్లో ఏం జరుగుతోంది అనేది ఎక్కువ కనిపిస్తుంది, ఉద్యోగం పోవడం, పిల్లలు వెళ్లిపోవడం, మనుషులు పోవడం, పగటిపూట టీవీ చూస్తే తప్పు చేసినట్టు అనిపించడం. టీవీ డైరీ అంటే ఇంటి డైరీ అని నేను నమ్మేది అందుకే.

సరే, కేసులోకి వస్తా. ఆయనకి ఇచ్చిన కాలమ్స్ నాలుగే. పెట్టిన టైమ్, ఏం చూశారు, పక్కన ఎవరున్నారు, కట్టేసిన టైమ్. రెండు వారాలు రాయండి, చూసేది తగ్గించొద్దు, మామూలుగా ఎలా చూస్తారో అలాగే చూడండి, రాయండంతే అని చెప్పా.

మొదటి వారం డైరీ తెచ్చారు. చాలా నీట్‌గా ఉంది, అదే ప్రాబ్లం. అన్ని రోజులూ ఒకే పెన్ను, ఒకే ఊపులో రాసినట్టు ఉంది, టైమ్‌లు అన్నీ 9:00, 9:30, 10:30, ఎక్కడా ఒక 9:12 లేదు, 10:47 లేదు. అప్పటికప్పుడు రాస్తే టైమ్‌లు అంత గుండ్రంగా రావు. పైగా చివరి కాలమ్, కట్టేసిన టైమ్, ఏడు రోజుల్లో ఐదు రోజులు ఖాళీ. ఆదివారం సాయంత్రం కూర్చుని మొత్తం రాసేశారా అని అడిగా, అవునండి అన్నారు, కొంచెం ఇబ్బందిగా. దాని గురించి నేనేం అనలేదు, ఎందుకంటే చాలామంది చేసేది ఇదే, పుస్తకం బెడ్‌రూమ్‌లో ఉంటుంది టీవీ హాల్లో ఉంటుంది, మధ్యలో లేచి వెళ్లి ఎవరు రాస్తారు.

కానీ ఆ ఖాళీ కాలమ్ నా బుర్రలోంచి పోలేదు. పెట్టిన టైమ్ అందరికీ గుర్తుంటుంది, భోజనం అయింది కూర్చున్నాం అని. కట్టేసిన టైమ్ ఎవరికీ గుర్తుండదు. నేను అంతకుముందు చేసిన కేసుల ఫైళ్లు తీసి చూశా, వాటిలోనూ అంతే, ఆ గడే ఎక్కువ ఖాళీ. ఇన్నేళ్లూ దాన్ని నేను నిర్లక్ష్యం అనుకుని వదిలేశా.

రెండో వారానికి చిన్న మార్పు చేశాం. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, దాన్ని రబ్బర్ బ్యాండ్‌తో రిమోట్‌కే కట్టేశాం, పెన్ను అందులోనే. రిమోట్ పట్టుకోవాలంటే నోట్‌బుక్ చేతిలోకి రావాల్సిందే. రూల్ రెండే, బటన్ నొక్కే ముందు ఒక లైను, కట్టేశాక సోఫాలోంచి లేచే ముందు ఒక లైను. మధ్యలో ఛానెల్ మారితే టైమ్ వేసి రెండు ముక్కలు రాయాలి, అక్షరాలు ఎలా ఉన్నా పర్లేదు.

ఆ వారం మంగళవారం పేజీ ఇది, ఆయన రాసింది రాసినట్టు పెడుతున్నా:

9:08 న్యూస్. ఇద్దరం.
9:35 న్యూస్ అయిపోయింది. ఏదో డిబేట్. ఇద్దరం.
10:05 తను లేచి పడుకోడానికి వెళ్లింది. పాత సినిమా, సగం నుంచి. ఒక్కడినే.
10:40 యాడ్స్. ఛానెల్స్ తిప్పుతున్నా.
10:50 మ్యాచ్ హైలైట్స్. రిజల్ట్ పొద్దున్నే తెలుసు.
11:52 కట్టేశా.

పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో, "సినిమా పేరు గుర్తు లేదు".

ఆ పేజీ మీద మేమిద్దరం చాలాసేపు కూర్చున్నాం. ఆయన చూద్దామనుకున్నది న్యూస్, అది 27 నిమిషాలు. టీవీ ఆడింది మొత్తం 164 నిమిషాలు. మధ్యలో తేడా 137 నిమిషాలు, రెండు గంటల పైన, ఆయన కావాలని ఎంచుకోనిది, పేరు కూడా గుర్తు లేనిది. దానికి మేము తోక అని పేరు పెట్టుకున్నాం, ఆయనే అన్నారు ఆ మాట, "న్యూస్‌కి ఇంత తోక ఉందనుకోలేదు మేడమ్" అని. అప్పట్నుంచి నా ప్రతి కేసులో నేను ఈ మాటే వాడుతున్నా. అనుకున్న ప్రోగ్రాం అయిపోయిన నిమిషం నుంచి టీవీ కట్టేసిన నిమిషం దాకా, అది తోక.

తోక ఎందుకు పెరుగుతుంది అనేదానికి నాకు బాగా పనికొచ్చింది రాబర్ట్ క్యూబీ, మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి చేసిన రీసెర్చ్. వాళ్లు మనుషులకి బీపర్లు, అంటే బీప్‌మని మోగే చిన్న పరికరాలు, ఇచ్చి వారం పాటు రోజుకి ఆరు నుంచి ఎనిమిదిసార్లు ఎప్పుడు పడితే అప్పుడు మోగించేవాళ్లు, మోగగానే ఏం చేస్తున్నారో ఎలా ఉందో రాయాలి. టీవీ చూస్తున్నప్పుడు రిలాక్స్‌డ్‌గా ఉంది అని రాశారు జనం, బాగుంది, కానీ టీవీ కట్టేశాక ఆ రిలాక్సేషన్ పోతుంది, మందకొడితనం మాత్రం మిగిలిపోతుంది. అంటే కట్టేయగానే హాయి ఆగిపోతుంది, లేచి పని చేసే ఓపికా రాదు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు, ఇంకాసేపు ఉంచుతారు. దానికి తోడు తెర మీద కట్ పడినప్పుడల్లా, సడన్‌గా సౌండ్ వచ్చినప్పుడల్లా కళ్లు వాటంతట అవే అటు తిరుగుతాయి, కొత్త కదలికకి అలా తిరగడం మెదడు చేసే పాత పని, రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ 1927లోనే దీని గురించి రాశాడు. కాబట్టి మీకు మనోబలం లేదు అని నేను ఎవరికీ చెప్పను, ఆ మాట తప్పు, దాంతో మనిషి ఇంకా కుంగిపోతాడు తప్ప ఉపయోగం లేదు.

ఇక్కడే నేను ఒక పొరపాటు చేశా, దాచకుండా చెప్తా. రెండో వారం లెక్క చూసి ఉత్సాహం వచ్చి, తోకని వచ్చే వారం 30 నిమిషాలకి దించుదాం అని టార్గెట్ పెట్టేశా. రాస్తున్నామనే ధ్యాస వల్లే అలవాటు కొద్దిగా తగ్గుతుంది, ఇది సెల్ఫ్ మానిటరింగ్ చేయించేవాళ్లందరికీ తెలిసిన విషయమే, మనల్ని మనం కొలుచుకుంటే కొలిచేదే మారిపోతుంది. ఆ కాస్త తగ్గుదల చూసి దారి దొరికింది అనుకున్నా. మూడో వారం ఏమైందంటే, నోట్‌బుక్ హాల్లో టీపాయ్ మీద ఉంటుంది కదా, వాళ్లావిడ పొద్దున్నే తీసి చదివి "నిన్న 12:10 అని రాశారేంటి, మేడమ్ అరగంటే అన్నారుగా" అని అడగడం మొదలుపెట్టారు. ఆవిడది ప్రేమే, మనిషి ఆరోగ్యం గురించి బెంగ. కానీ ఆయన గురువారం నుంచి రాయడం మానేశారు. శుక్రవారం పేజీలో ఒకటే లైను ఉంది, "చూడలేదు". చూశానండి అని తర్వాత ఆయనే చెప్పారు.

టార్గెట్ పెట్టగానే డైరీ పరీక్ష పేపర్ అయిపోతుంది. పరీక్ష పేపర్‌లో ఎవరూ నిజం రాయరు, మార్కులు వచ్చేదే రాస్తారు. నేను ఆయనకి సారీ చెప్పా, టార్గెట్ కొట్టేశా, వాళ్లావిడతో విడిగా మాట్లాడి ఈ పుస్తకం ఆయనొక్కరిదే, మీరు చదవకండి, ఆయన చదివి వినిపిస్తే వినండి అని చెప్పా. ఆవిడ వెంటనే అర్థం చేసుకున్నారు, అంతటితో ఆగకుండా తనూ ఒక వారం రాసుకున్నారు, వంటింట్లో పనిచేస్తూ హాల్లో టీవీ సౌండ్ కోసం పెట్టుకుంటానని అప్పుడు తెలిసిందట ఆవిడకి. అది వేరే కథ.

నాలుగో వారానికి ఐదో కాలమ్ కలిపా. పెట్టే ముందు ఎలా ఉంది, ఒక్క మాటలో. పెద్ద పెద్ద వాక్యాలు అడిగితే మనిషి కవిత్వం రాస్తాడు లేదా అసలు రాయడు, అందుకే ఒక్క మాట. ఆయన రాసినవి, అలసట, మామూలు, ఖాళీగా, ఖాళీగా, తలనొప్పి, ఖాళీగా. న్యూస్ దగ్గర ఎప్పుడూ అలసట అనో మామూలు అనో ఉంది, పది తర్వాత ఛానెల్ మారిన లైన్లలో మాత్రం ఖాళీగా అన్న మాటే మళ్లీ మళ్లీ.

డైరీని నేను చదవను, ఎవరిది వాళ్లతోనే పైకి చదివిస్తా. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం పని ఇక్కడే జరుగుతుంది, రాసిన చేతికి తట్టనిది చదివే గొంతుకి తడుతుంది. ఆ వారం ఆయన చదువుతూ చదువుతూ ఆగిపోయారు. బుధవారం కట్టేసింది 9:58, శనివారం 10:02, మిగతా రోజులన్నీ పదకొండున్నర దాటాయి. వెనక్కి తిప్పి రెండో వారం చూశారు, అక్కడా అంతే, బుధవారం శనివారం తోక చాలా చిన్నది. ఆ రెండు రోజులు ఏంటి అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "మా అమ్మాయి ఫోన్ చేసే రోజులండి అవి."

అమ్మాయి ఏడాది క్రితం చదువు కోసం హాస్టల్‌కి వెళ్లింది. అంతకుముందు రాత్రి న్యూస్ అయ్యాక ఇద్దరూ కలిసి ఏదో ఒక షో చూసేవాళ్లట, పక్కపక్కన కూర్చుని, అది అయిపోగానే అమ్మాయే ఆయన చేతిలోంచి రిమోట్ లాక్కుని కట్టేసి "ఇంక పడుకో నాన్నా" అనేదట. ఇది చెప్తూ ఆయన అన్న మాట నేను నోట్స్‌లో రాసుకున్నా, "మా ఇంట్లో టీవీ కట్టేసేది మా అమ్మాయే మేడమ్. నేను ఎప్పుడూ కట్టలేదు."

అంటే ఏడాది నుంచి ఆ ఇంట్లో టీవీ పెట్టే మనిషి ఉన్నాడు, కట్టేసే మనిషి లేదు. గంటలు లెక్కపెట్టే డైరీ అయితే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు, రోజుకి రెండున్నర గంటలు, ఎక్కువ, తగ్గించండి అని చెప్పి పంపేసేవాళ్లం. పక్కన ఎవరున్నారు అనే కాలమ్, కట్టేసిన టైమ్ కాలమ్, ఈ రెండూ పక్కపక్కన ఉండబట్టి దొరికింది.

అక్కడి నుంచి పని తేలికైంది, త్వరగానే చెప్పేస్తా. అమ్మాయితో రోజూ ఫోన్ చేయించుకుందామని ఆయనకి మొదట అనిపించింది, నేను వద్దన్నా, నాన్న నిద్ర బాధ్యత ఆ పిల్ల నెత్తిన పెట్టడం న్యాయం కాదు, దానికి అక్కడ దాని బతుకు ఉంటుంది. కట్టేయడం అనే పనిని ఆయన చేతికే ఎలా తేవాలి అని ఆలోచించాం. మూడు చేశారు. పెట్టే ముందు ఏం చూద్దామనుకుంటున్నారో పేరు రాయడం, ఊరికే అని రాసినా ఒప్పే కానీ రాయాలి. ఆ ప్రోగ్రాం అవ్వగానే కూర్చుని ఉండగానే నిర్ణయం తీసుకోకుండా ముందు లేచి నిలబడటం, నిలబడ్డాక ఇంకా చూడాలనిపిస్తే చూడొచ్చు, తప్పేం లేదు, అయితే దానికి కొత్త లైను రాసి కూర్చోవాలి. మూడోది, వాళ్లావిడ పడుకోడానికి లేచినప్పుడు తనూ లేవడం. యాప్‌లో చూసే రోజుల కోసం సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేశారు, తర్వాతి ఎపిసోడ్ దానంతట అది మొదలైతే కట్టేయాలా వద్దా అనే ప్రశ్నే రాదు కదా మనిషికి, నేను ఎవరికైనా మొదటి రోజే ఇది చేయించేస్తా ఇప్పుడు.

నిలబడటం బాగా పనిచేసింది ఈ మూడింట్లో. ఆరో వారం నుంచి చాలా రాత్రులు తోక పావుగంట ఇరవై నిమిషాల్లో ఉంది. ఏడో వారం అమ్మాయికి పరీక్షలు, ఫోన్లు లేవు, మూడు రాత్రులు మళ్లీ పన్నెండు దాటింది, ఆయన ఒక్కటీ దాచకుండా మూడూ రాశారు, "ఖాళీగా" అని మూడు చోట్లా ఉంది. నాకు ఆ వారం పేజీలే అన్నింటికంటే విలువైనవి. మూడో వారంలో "చూడలేదు" అని రాసిన మనిషి ఇప్పుడు 12:25 అని రాశారు.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. పడుకున్న కాసేపటికే నిద్ర పట్టడం మొదలైంది, కానీ పొద్దున తల దిమ్ము పూర్తిగా పోలేదు. గురక గట్టిగా పెడతారని వాళ్లావిడ చెప్పారు, డాక్టర్ దగ్గరికి పంపా, ఆ పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. అన్నీ టీవీ మీదకి తోసేయడం నాకు ఇష్టం ఉండదు, టీవీ మానేస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పి అసలు జబ్బు మిస్ అవ్వడం చాలా ప్రమాదం.

మీరు సొంతంగా రాసుకోవాలనుకుంటే ఈ కేసు నుంచి నేను చెప్పేది ఇంతే. రెండు వారాలు చాలు, ఏళ్ల తరబడి రాయక్కర్లేదు, ఆపి మళ్లీ ఎప్పుడైనా తేడా అనిపిస్తే ఇంకో వారం రాసుకోవచ్చు. ఫోన్‌లో చూసినదీ ఇదే పుస్తకంలో, ఎందుకంటే చాలామందికి టీవీ కట్టేశాక తోక మంచం మీద ఫోన్‌లో కంటిన్యూ అవుతుంది, అది రాయకపోతే డైరీ అందంగా ఉంటుంది, నిద్ర మాత్రం ఉండదు. సౌండ్ కోసం పెట్టుకున్నది, కూర్చుని చూసింది కలిపేయొద్దు, పక్కన ఒక చుక్క పెట్టుకోండి. రోజు చివర టోటల్ వేయొద్దు, వారం చివర కూడా వద్దనే నా అభిప్రాయం, టోటల్ కనిపించగానే తిట్టుకోవడం మొదలవుతుంది, చూడాల్సిన గళ్లు చూడం. మర్చిపోయిన రోజు ఉంటే ఖాళీ వదిలేయండి, ఊహించి నింపొద్దు, ఆ ఖాళీ కూడా ఏదో చెప్తుంది.

అందరికీ మాత్రం ఇది రాయించను. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒకరు వచ్చారు, పిల్లలు పంపించారు రోజంతా టీవీ చూస్తోందని. నాలుగు రోజులు రాయించేసరికి అన్ని పేజీల్లో ఒకటే ఉంది, ఇంట్లో మనిషి మాట వినపడాలని పెట్టుకున్నా అని. ఆ డైరీ నేనే ఆపించేశా, ఆవిడ పిల్లలతో మాట్లాడా. ఉన్న ఒక్క తోడునీ లెక్కలు కట్టి ఆవిడకి సిగ్గుగా అనిపించేలా చేయడానికి నాకు మనసు రాలేదు, ఇప్పటికీ అది సరైన పనే అనుకుంటా.

చివరిసారి ఆయన వచ్చినప్పుడు నోట్‌బుక్‌కి రబ్బర్ బ్యాండ్ లేదు, తెగిపోయిందట, మళ్లీ పెట్టలేదు. చివరి పేజీ చదివి వినిపించారు. 9:10 న్యూస్, ఇద్దరం, మామూలు. 9:38 అయిపోయింది, నిలబడ్డా. 9:41 కట్టేశా. కింద ఇంకో లైను ఉంది, అమ్మాయికి నేనే ఫోన్ చేశా, ఏదో సిరీస్ చూస్తోందట, ఎన్నో ఎపిసోడ్ అంటే తెలీదంది, ఎవరు కడతారమ్మా అక్కడ టీవీ అని అడిగా, నవ్వింది, కట్టేసింది.